రెండు మైకుల డబ్బా కోసం రెండు నెలలు

మా అమ్మకు వచ్చినన్ని బతుకమ్మ పాటలు మా వాడలో ఇంకెవరికీ రావు. పరకాల దగ్గరి పల్లెలో పుట్టింది. పెళ్లయి కాజీపేటకు వచ్చి నలభై ఏళ్లయినా పాట మాత్రం పుట్టింటి వరుసలోనే పాడుతుంది. పోయిన ఏడు సద్దుల బతుకమ్మ నాడు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, రాత్రి విందామని కూర్చుంటే ఉసూరుమనిపించింది. చప్పట్లు పడిన ప్రతిసారీ అమ్మ గొంతు నీళ్లలో మునిగినట్టు కిందికి పోతోంది, కాసేపటికి మళ్లీ పైకి తేలుతోంది. గట్టిగా చప్పుడైతే ఫోన్ తనంతట తానే మొత్తం తగ్గించేస్తుంది, తర్వాత మెల్లగా పెంచుతుంది. మాటలకు అది మంచిదే. పదిమంది చప్పట్లు కొడుతూ తిరిగే పాటకు అది పనికిరాదు.

అందుకే ఈ ఏడు ఆషాఢంలోనే మొదలుపెట్టాను. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి తొమ్మిది రోజులు అమ్మ నా చేతికి దొరకదు. ఆలోపే ఇంట్లో కూర్చోబెట్టి పాటలన్నీ పట్టేయాలని నా లెక్క. చేతిలో ఉన్నది పదివేలు.

నాకు కావాల్సింది మైక్ సిగ్నల్‌ను లాప్‌టాప్‌లో రికార్డయ్యేలా మార్చే డబ్బా, దాన్నే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. మొదటి తప్పు రెండువేలకు చేశాను. ఆన్‌లైన్‌లో చూడ్డానికి చిన్న మిక్సర్‌లా ఉన్న డబ్బా ఒకటి కొన్నాను. రంగురంగుల బటన్లు, వెలిగే లైట్లు, చప్పట్లూ నవ్వులూ వినిపించే మీటలు కూడా ఉన్నాయి. వాటిలో ఒక దానిపై ‘48 వోల్ట్స్’ అని రాసి ఉంది. మా వాడలో పెళ్లిళ్లకూ వినాయక మండపాలకూ మైక్‌సెట్టు పెట్టే అన్న ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర కండెన్సర్ మైక్ (కరెంటు అందితేనే పలికే సున్నితమైన రకం) అడిగి తెచ్చుకుని తగిలిస్తే గొంతు పలకదు, సుయ్‌మని గాలి చప్పుడు మాత్రం వస్తోంది. అన్న మల్టీమీటర్ తెచ్చాడు. కేబుల్ చివర ఒకటో పిన్నుకూ రెండో పిన్నుకూ ముల్లులు ఆనిస్తే మీటర్‌లో 5 వోల్టులు చూపించింది.

“ఇది ఫాంటమ్ పవర్ కాదు తమ్మీ, యూఎస్‌బీ నుంచి వచ్చిన కరెంటే సీదా ఇటు పంపిస్తున్నడు” అన్నాడు.

యూఎస్‌బీ పోర్టు ఇచ్చేదే 5 వోల్టులు. సరైన ఇంటర్‌ఫేస్ దాన్ని లోపల 48కి పెంచి కేబుల్ గుండానే మైక్‌కు పంపాలి, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. ఇది ఆ పని చేయడం లేదు. వాపసు పంపేశాను, డబ్బులు వచ్చాయి కానీ పన్నెండు రోజులు పోయాయి.

అన్న అప్పుడు అడిగింది వేరే. “డబ్బా సంగతి తర్వాత. ఎంతమంది పాడుతరు, ఏ మైక్ పెడ్తవు, ఇల్లెట్లున్నది, గది చెప్పు ముందు.” అప్పటిదాకా నేను ఇది ఆలోచించలేదు. చూసిన వీడియోలన్నీ గిటార్ పట్టుకుని ఒక్కడే పాడుకునే కుర్రాళ్లవి. మా ఇంట్లో అమ్మ ఎత్తుకుంటుంది, నలుగురైదుగురు ఆడవాళ్లు అందుకుని చప్పట్లు కొడతారు. గొంతుకు ఒక మైక్, చప్పట్లకూ వంతపాటకూ ఒక మైక్, రెండూ వేర్వేరు ట్రాకుల్లో రావాలి. లేకపోతే ఫోన్‌కూ దీనికీ తేడా ఉండదు. నేరుగా లాప్‌టాప్‌కు గుచ్చే యూఎస్‌బీ మైక్ ఆలోచన అక్కడే పోయింది. అలాంటివి రెండు ఒకేసారి నడిపించడం విండోస్‌లో తలనొప్పి.

దాంతో వెతుకులాట సగం తగ్గింది. బెరింజర్ యూఎంసీ22, ఎం-ఆడియో ఎం-ట్రాక్ సోలో అందరూ చెప్పే చవక పేర్లు. రెండింటికీ మైక్ ఇన్‌పుట్ ఒక్కటే. రెండో ఇన్‌పుట్ గిటార్‌కో, కీబోర్డ్‌కో. ఒంటరిగా పాడేవాళ్లకూ పాఠాలు చెప్పేవాళ్లకూ అవి సరిపోతాయి, నాకు కాదు. రెండు మైకులవి నా దృష్టిలో నాలుగు మిగిలాయి: ఎం-ట్రాక్ డుయో, ప్రీసోనస్ ఆడియోబాక్స్ 96, బెరింజర్ యూఎంసీ202హెచ్‌డీ, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2. చివరిది నా పదివేలకు అందలేదు.

పెట్టెల మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో వేసేది శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందన్నది. 96, 192 కిలోహెర్ట్జ్ అని. దాని వెంట పడి వారం రోజులు వృథా చేసుకున్నాను. మనిషి చెవి వినగలిగేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్, అదీ చిన్న వయసులో. రేటు దానికి రెండింతలు దాటితే సరిపోతుంది, అంటే 44.1 గానీ 48 గానీ చాలు. నాకు పనికొచ్చింది బిట్ల లెక్క, అంటే ఒక్కో కొలతను ఎంత సన్నగా రాసుకుంటుందన్నది. డుయో 16 బిట్, మిగతావి 24. లెక్కప్రకారం అతి చిన్న చప్పుడుకూ అతి పెద్ద చప్పుడుకూ మధ్య 16 బిట్‌కు 96 డెసిబెల్స్ వెడల్పు, 24కు 144. ఏ డబ్బాలోనూ 144 నిజంగా అందదు గానీ, లెవెల్ తగ్గించి పెట్టుకున్నా అడుగున గుసగుస రాదు. చప్పట్లు ఎప్పుడు ఎంత గట్టిగా పడతాయో తెలియని పాటకు ఆ వెసులుబాటు కావాలి.

పెట్టె మీద చిన్న అక్షరాల్లో కూడా సరిగా కనపడనిది గెయిన్, అంటే మైక్ సిగ్నల్‌ను డబ్బా ఎంత పెంచగలదన్నది. అన్న ఇస్తానన్న గొంతు మైక్ షూర్ ఎస్‌ఎం58, కరెంటు అక్కర్లేని డైనమిక్ రకం. 1966 నుంచి వస్తున్న మోడల్. స్టేజీ మీద కింద పడ్డా పాడుతుంది కానీ దాని నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, మామూలు లెక్కలో 1.85 మిల్లీవోల్టులు. కండెన్సర్లు దానికి ఎన్నో రెట్లు ఇస్తాయి. అంటే డైనమిక్ మైక్ పెట్టుకునేవాళ్లు డబ్బాలో గెయిన్ ఎంతుందో ముందే చూసుకోవాలి. స్కార్లెట్ 2ఐ2నే చూడండి, మూడో తరంలో 56 డెసిబెల్స్ ఉన్న గెయిన్ 2023లో వచ్చిన నాలుగో తరంలో 69 అయింది. పేరు ఒకటే కదా అని పాతది కొంటే ఆ తేడా చేతికి తెలుస్తుంది.

హనుమకొండ చౌరస్తాలో ఒక షాపులో అడిగితే కరవోకే మైక్ చూపించారు. సరే అని ఆన్‌లైన్‌లోనే యూఎంసీ202హెచ్‌డీ తెప్పించాను. ఈసారి అన్న మీటర్ పెడితే 48కి దగ్గరగా చూపించింది. ఆ రోజు నాకు పండుగే.

సంతోషం ఒక్క పూట. లాప్‌టాప్‌కు పెట్టి హెడ్‌ఫోన్ తగిలిస్తే (దానికి పెద్ద పిన్ను కావాలి, ఆ కన్వర్టర్ కోసం ఇంకో రెండు రోజులు) సన్నగా జుయ్‌మని హమ్మింగ్. కేబుల్ మార్చాను, మైక్ మార్చాను, ఫ్యాన్ ఆపాను, ఫ్రిజ్ కూడా ఆపాను. డబ్బానే పాడైందని మళ్లీ వాపసు ఫారం తెరిచాను. టెన్షన్‌లో లాప్‌టాప్ ఎత్తి పక్కన పెడుతుంటే చార్జర్ పిన్ను ఊడింది. హమ్మింగ్ టక్కున ఆగిపోయింది.

మాది కిరాయి ఇల్లు. గోడకు మూడు రంధ్రాల సాకెట్ ఉంది కానీ పై రంధ్రం వెనక వైరే లేదని తర్వాత ఎలక్ట్రీషియన్ విప్పి చూపించాడు. ఎర్తింగ్ లేని చోట చార్జర్ లీకేజీ యూఎస్‌బీ కేబుల్ పట్టుకుని మైక్ దాకా వస్తుంది. ఇంటి ఓనర్ “చేపిద్దాం” అన్నాడు, ఇప్పటికీ అంటున్నాడు. నేను మాత్రం రికార్డింగ్ అంతా బ్యాటరీ మీదే చేస్తున్నాను. ఇంటర్‌ఫేస్‌కు వేరే అడాప్టర్ అక్కర్లేదు, లాప్‌టాప్ కరెంటే చాలు.

అమ్మను మొదటిసారి కూర్చోబెట్టిన రోజు రెండు చరణాలు పాడి ఆగిపోయింది. హెడ్‌ఫోన్ తీసి చేతిలో పెట్టుకుంది.

“ఏంది బిడ్డా, నా ఎనుకాల ఇంకెవరో పాడుతున్నరు?”

తప్పు నాది. గొంతు లాప్‌టాప్‌లోకి పోయి, రీపర్ సాఫ్ట్‌వేర్ గుండా తిరిగి చెవికి వస్తోంది. బఫర్, అంటే లాప్‌టాప్ ఒక్కో విడతలో పోగుచేసే శాంపుల్స్ లెక్క, 1024 మీద ఉంది. 48 వేల శాంపుల్స్‌తో భాగిస్తే 21 మిల్లీసెకన్లు, రాకపోకలు కలిపితే 40 దాటుతుంది. వినేవాడికి అది లెక్కలోది కాదు, పాడే మనిషి తాళం తప్పడానికి చాలు. ఆలస్యం తగ్గించేందుకు కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్ వేసి, బఫర్ 128కి తగ్గిస్తే నా పాత లాప్‌టాప్ చిటపటలాడింది. చివరికి డబ్బా మీద డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కి, సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపేశాను. గొంతు లాప్‌టాప్ దాకా పోకుండా అక్కడి నుంచే చెవికి వస్తుంది. అమ్మకు వెనకాల ఎవరూ పాడలేదు. అయినా “చెవులు మూసుకొని పాడుడేంది” అని రెండో పాటకే హెడ్‌ఫోన్ తీసేసింది.

వంతకు పెట్టిన కండెన్సర్‌కు ఫాంటమ్ ఆన్ చేయాలి. ఈ డబ్బాలో ఒక్క స్విచ్‌తో రెండు మైకులకూ వెళ్తుంది. అన్న ఇచ్చిన ఎస్‌ఎం58 కాలిపోతుందేమోనని భయపడ్డాను. ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల మైక్ కేబుల్ బాగుంటే అలాంటి డైనమిక్ మైక్‌కు ఏమీ కాదట, కాలేదు కూడా. పాత రిబ్బన్ మైకుల విషయంలోనే జాగ్రత్త పడాలి.

రైలు కూతలకు మాత్రం మందు లేదు. సికింద్రాబాద్ నుంచి వచ్చే లైను బల్లార్షకూ విజయవాడకూ చీలే జంక్షన్ పక్కన ఇల్లు పెట్టుకుని నిశ్శబ్దం కావాలంటే ఎలా? ఎస్‌ఎం58ని అమ్మ నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెడితే ఆ ట్రాక్‌లో రైలు చాలా వరకు వినపడదు. కండెన్సర్‌లో మాత్రం ఇంజిన్ ఇంట్లోకి వచ్చినట్టే. మంచాల మీది బొంతలు రెండు కిటికీకి కట్టాం. కొంత తగ్గింది.

లెవెల్ గట్టి చప్పట్లకు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టాను, సున్నా దాటితే ధ్వని పగిలిపోతుంది. మొదటి రోజు మైనస్ 3 దాకా తెచ్చి, చిన్నమ్మ ఊపులో కొట్టిన చప్పట్లకు ఒక పాట మొత్తం పగిలిపోయింది. రెండు ట్రాకులు 24 బిట్‌లో నిమిషానికి 17 ఎంబీ, గంటకు ఒక జీబీ పైన.

పెత్రమాస లోపు పదకొండు పాటలు అయ్యాయి. పన్నెండోది వింటూ అమ్మ మధ్యలో ఆపమంది. నడుమ ఒక చరణం తప్పిందట, అది సరిగ్గా చిన్నమ్మకే వస్తుందట. చిన్నమ్మ ఇప్పుడు పరకాలకు వెళ్లిపోయింది. వచ్చే ఆదివారం డబ్బా, రెండు మైకులు సంచిలో వేసుకుని అమ్మతో కలిసి బస్సెక్కుతున్నాను. చార్జర్ ఇంట్లోనే పెట్టి.