బాయిలర్ గడియారం

ఇంగ్లండ్‌లో అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి పెడతారు. ఫోన్లు వాటంతటవే మారిపోతాయి. ఇంటిని వెచ్చబెట్టే మా బాయిలర్ పక్కనున్న పాతకాలం టైమర్‌కి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో ఒకరు నేనే. మర్చిపోయా.

వారం పాటు హీటింగ్ ఆరింటికి బదులు ఐదింటికే మొదలై, మేం లేచే ఏడింటికల్లా ఆగిపోయింది. దుప్పట్లో ఉన్నంతసేపూ వెచ్చగా, స్నానానికెళ్తే వణుకు! విజయవాడ నుంచి వచ్చిన అమ్మ ఊరుకుంటుందా? గది ఎంత వేడెక్కాలో పెట్టే థర్మోస్టాట్‌ని 19 డిగ్రీల నుంచి 30కి తిప్పేసింది. "తొందరగా వేడెక్కుద్దిరా" అంది. "ఇది పొయ్యి మంట కాదమ్మా, ఎంత తిప్పినా వేగం పెరగదు, ఎక్కడ ఆగాలో చెప్పడమే దీని పని" అన్నా. "ఆగకపోతే మంచిదేగా?"

నిన్న టార్చి పట్టుకుని కూర్చున్నా. డయల్ చుట్టూ బుల్లి పిన్నులు, ఒక్కోటి పావుగంట, మొత్తం 96. పైగా డయల్ వెనక్కి తిరగదు. ఒక్క గంట వెనక్కి పెట్టడానికి 23 గంటలు ముందుకు తిప్పా, కిర్రు కిర్రుమంటూ.

ఇవాళ లేచేసరికి గదిని వేడిచేసే రేడియేటర్ మీద అమ్మ సాక్సులు ఆరేసున్నాయి. వేడివేడిగా.