కళ్లు తెరుచుకోని ఐదు రోజులు

నన్ను కరిచింది పొలంలో పాము కాదు. మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో, నా గదిలోనే, నేనే తెచ్చి ఉంచుకున్న పాము. ఈ మాట బయటికి చెప్పడానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. చెప్పకుండా ఉంటే ఇంకెవరో ఇదే పని చేస్తారేమోనన్న భయంతో ఇప్పుడు రాస్తున్నాను.

మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. వానలు మొదలైతే పత్తి చేలల్లో, గడ్డివాముల దగ్గర పాములు కనిపించడం మామూలే. ఇంటర్ చదివే రోజుల నుంచే వాటిని పట్టి చెరువు అవతల వదిలేవాణ్ని. జనం కొట్టి చంపకుండా కాపాడుతున్నానన్న తృప్తి ఉండేది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నదే.

ఆ ధైర్యానికి ఇంకో కారణం కూడా ఉంది. హైదరాబాద్‌లో నా స్నేహితుడు బాల్ పైథాన్‌ను పెంచుతాడు. అది ఆఫ్రికా జాతి, విషం ఉండదు. ఒకసారి దానికి పెట్టాల్సిన ఎలుకను పట్టుకుని, కడుక్కోకుండానే చేయి డబ్బాలో పెట్టాను. చటుక్కున పట్టేసింది. సన్నటి గాట్లు, కొంచెం రక్తం. సబ్బుతో కడిగి టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నాను. "నీ చేతికి ఎలుక వాసన ఉంది, తిండి అనుకుంది" అన్నాడు వాడు. మేత పెట్టాలంటే పొడవాటి పటకారుతోనే పెట్టాలట. తిన్న తర్వాత ఒకట్రెండు రోజులు కదిలించకూడదట. కుబుసం విడిచే ముందు కళ్లు మసకబారతాయి కాబట్టి అప్పుడు ముట్టుకుంటే బెదిరి కరుస్తుందట. అవన్నీ విన్నాను. కానీ నా మనసులో మిగిలింది ఒక్కటే: పాము కరిస్తే ఇంతే కదా!

2022 ఆగస్టులో పక్కింటివాళ్ల స్నానాలగదిలో సన్నటి నల్లపాము కనిపించింది, ఒంటిమీద తెల్లటి చారలు. కట్లపామును పోలిన, విషం లేని పాము ఒకటి ఉంది. ఇది అదే అనుకున్నాను. కానీ అది కట్లపామే. కట్లపాముకు చారలు మెడ దగ్గర పలచగా ఉండి తోక వైపు స్పష్టమవుతాయి, వీపు మధ్యలో ఆరు పలకల పెద్ద పొలుసులు వరుసగా ఉంటాయి. ఆ రెండోదానికి చారలు మెడ దగ్గరే వెడల్పుగా మొదలై తోక వైపు మాసిపోతాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలిసినా సరే, రాత్రిపూట టార్చ్ వెలుతురులో ఈ లెక్క చూసుకుని చేయి పెట్టే పని కాదు. అసలు మన దగ్గరి పాములను పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదీ అప్పుడు పట్టించుకోలేదు.

రెండు రోజులు పగలంతా అది తలను ఒంటి చుట్ట కింద దాచుకుని పడుకునే ఉంది. డబ్బా కదిలించినా ఉలకలేదు. నాకు అలవాటు పడుతోందని మురిసిపోయాను. కట్లపాము పగలు అలాగే మందకొడిగా ఉంటుంది. చీకటి పడ్డాక అది వేరే జీవి.

రెండో రాత్రి తొమ్మిదింటికి నీళ్ల గిన్నె మార్చబోతుంటే ఉంగరపు వేలికి దాని కోర తగిలింది. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. వాపు లేదు, రక్తం లేదు. వెతికి చూస్తే రెండు సన్నటి చుక్కలు. మూత బిగించి, చేయి కడుక్కుని, అన్నం తిని పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పదకొండున్నరకు కడుపులో మెలిపెట్టే నొప్పి. అజీర్తి అనుకుని అమ్మ వాము నమలమంది. ఒంటిగంటకు రెప్పలు వాటంతట అవే వాలిపోతున్నాయి, ఒక బల్బు రెండుగా కనిపిస్తోంది. అప్పుడు తమ్ముడికి చెప్పాను. నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది. వాడు డబ్బా మూత తీయకుండానే ఫోటో తీసుకుని 108కి ఫోన్ చేశాడు. "పురుగు ముట్టిందట" అని వాడకట్టు లేచింది. పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోదామని ఒకరిద్దరు పట్టుబట్టారు. బాపు కూడా ఊగిసలాడాడు. "మంత్రం వద్దు, పసరు వద్దు, దవాఖానకే పోదాం" అని తమ్ముడు అరిచిన అరుపు నాకింకా గుర్తుంది. ఆ అరుపే నన్ను బతికించింది.

దారిలో మింగలేక ఉమ్మి గొంతులో నిండిపోతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టారు. నర్సంపేటలో విష విరుగుడు మొదలుపెట్టి, వెంటనే వరంగల్ ఎంజీఎంకు పంపారు. మొదట పది వయల్స్, తర్వాత ఇంకో పది. అక్కడికి చేరాక కాసేపటికే ఊపిరి తీసుకోవడం నా చేతుల్లో లేకుండా పోయింది. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు.

తర్వాత డాక్టర్ గారు ఓపిగ్గా వివరించారు. నాగుపాము విషం నరం నుంచి వచ్చే సంకేతాన్ని కండరం దగ్గర అడ్డుకుంటుంది, మందుతో ఆ అడ్డు చాలావరకు తొలగుతుంది. కట్లపాము విషం నరం కొసనే పాడుచేస్తుంది. విరుగుడు ఒంట్లో ఇంకా తిరుగుతున్న విషాన్ని ఆపుతుంది కానీ పాడైన కొసలను బాగుచేయలేదు. అవి మళ్లీ పెరగాలి. అప్పటిదాకా మిషన్ ఊపిరి పోయాలి. నాకు అది ఐదు రోజులు పట్టింది.

ఆ ఐదు రోజులు నేను స్పృహలోనే ఉన్నాను. కళ్లు తెరవలేను, వేలు కదపలేను. మిషన్ చప్పుడు, స్లిప్పర్ల చప్పుడు, పక్క మంచం దగ్గర ఎవరో ఏడవడం, అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఒకరోజు ఎవరో రెప్ప ఎత్తి టార్చ్ వేసి, "కంటిపాప కదలడం లేదు సార్" అన్నారు. నా గుండె ఝల్లుమంది. నేను పోయాననుకుంటారేమో, మిషన్ ఆపేస్తారేమో! "కట్లపాము కేసులో అలాగే ఉంటుంది, అన్నీ వింటుంటాడు, చూసి మాట్లాడండి" అన్నారు పెద్ద డాక్టర్. ఆ ఒక్క మాటను పట్టుకుని ఆ రాత్రి గడిపాను. అప్పటి నుంచి ఒక సిస్టర్ ఇంజెక్షన్ ఇచ్చే ముందు "తమ్ముడూ, సూది ఇస్తున్న" అని చెప్పేది. ఆమెకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

నాలుగో రోజు కాలి బొటనవేలు కదిలింది. మొదట చూసింది ఆ సిస్టరే.

వార్డుకు మారాక పక్క మంచం మీద ఒక కూలి తల్లి ఉంది. నేల మీద పడుకుని నిద్రలో ఉండగా ఆమెను కూడా కట్లపామే కరిచింది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. వాళ్లలో ఎక్కువమంది ఇలాంటి పల్లెటూరివాళ్లే. ఆమె పామును కోరి తెచ్చుకోలేదు. నేను తెచ్చుకున్నాను. ఆమె ముఖం చూడలేకపోయాను.

ఇంటికి వచ్చాక కూడా తేలిగ్గా పోలేదు. రెండో వారంలో ఒళ్లంతా దద్దుర్లు, కీళ్ల నొప్పులు, జ్వరం. విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది కాబట్టి కొందరికి ఇలా వస్తుందని మాత్రలు ఇచ్చారు. గొంతు బొంగురు నెలన్నర ఉంది. లైట్ ఆర్పితే టెన్షన్ వచ్చేది, మళ్లీ కళ్లు తెరుచుకోవేమోనని. డబ్బాలోని పామును అటవీశాఖ వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. ఇప్పుడు ఊళ్లో పాము కనిపించిందని ఎవరు పిలిచినా వాళ్లకే ఫోన్ చేస్తాను. వాళ్లు వచ్చేదాకా జనాన్ని దూరంగా నిలబెట్టడమే నా పని. అమ్మానాన్నలకు మంచం, దోమతెర కొన్నాను.

ఒక సాయంత్రం అమ్మ అన్నం కలుపుతుంటే, బర్రె ఈనిందా అని అడిగాను. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఐసీయూలో లోపలికి పంపిన ఐదు నిమిషాల్లో నా చెవి దగ్గర వంగి ఆమె చెప్పిన మాట అది: బర్రె ఈనడానికి వచ్చింది బిడ్డా, జున్ను నువ్వే తినాలె, లే.

"గప్పుడు ఇన్నవా?" అంది.

"అన్నీ విన్నమ్మా."

ఆమె ముద్ద నా నోట్లో పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.