గ్లేసియర్ పార్కుకు మోటర్‌హోమ్‌లో: ముందు బండి పొడవు, ఆ తర్వాతే దారి

వచ్చే వేసవిలో అమ్మానాన్నలు సియాటిల్ వస్తున్నారు కనుక, వారిని మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకు మోటర్‌హోమ్‌లో, అంటే పడకలూ వంటగదీ ఉన్న పెద్ద బండిలో తీసుకువెళ్లాలని ఇంట్లో నిర్ణయించుకున్నాం. ఇలాంటి ప్రయాణానికి ముందుగా చూడవలసిన చోట్ల జాబితా రాసుకోవడం అందరికీ అలవాటే. ఈ పార్కు విషయంలో మాత్రం అద్దెకు తీసుకునే బండి పొడవు తేలకుండా జాబితా రాసుకోవడం ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టే ఉంటుంది.

దానికి కారణం గోయింగ్-టు-ద-సన్ రోడ్డు. పార్కును పడమటి నుంచి తూర్పుకు అడ్డంగా దాటే ఈ 50 మైళ్ల దారి 1932లో పూర్తయి, మరుసటి ఏడాది జులైలో ప్రారంభమైంది. నడుమ 6,646 అడుగుల ఎత్తున్న లోగన్ పాస్ అనే కనుమ వస్తుంది. కొండ చరియను తొలిచి వేసిన దారి కావడంతో ఒక పక్క రాతి గోడ పైకి లేచి ఉంటుంది, మరో పక్క మోకాటి ఎత్తు రాతి కట్టడం, దాని అవతల లోయ. అందుకే అవలాంచ్ క్రీక్ నుంచి రైజింగ్ సన్ దాకా ఉన్న భాగంలో బంపర్లతో కలిపి 21 అడుగుల పొడవు, పక్క అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు మించిన వాహనాలను అనుమతించరు. ఎత్తు 10 అడుగులు దాటితే, కనుమ నుంచి పడమటి వైపు దిగేటప్పుడు దారి మీదికి పొడుచుకొచ్చిన రాళ్లు తగిలే ప్రమాదం ఉందని కూడా హెచ్చరిస్తారు.

కుటుంబాలు సాధారణంగా అద్దెకు తీసుకునేవి సి-క్లాస్ మోటర్‌హోమ్‌లు. డ్రైవర్ క్యాబిన్ పైన కూడా పరుపు ఉండే ఈ బండ్లలో 19 అడుగుల చిన్నవి కూడా దొరుకుతాయి కాబట్టి సరిపోతుందిలే అనిపిస్తుంది. కానీ వాటి బాడీ వెడల్పే 8 అడుగులకు చేరువగా ఉంటుంది, అద్దాలు కలిస్తే నిబంధన దాటిపోతుంది. ఇక ఆ కొలతల్లో ఇమిడే ఇరుకు వ్యాన్‌లో పెద్దవాళ్లను కుక్కి, అందులోనే వంటా స్నానమూ కానిచ్చుకుని, తీరా కనుమ దగ్గర పార్కింగ్ దొరక్క వెనుదిరగడం కంటే, మోటర్‌హోమ్‌ను ఇల్లుగానే వాడుకుని కొండ దారికి వేరే వాహనం చూసుకోవడమే మేలని నాకు తోచింది. అలా అనుకున్నాక 25 అడుగుల బండిని ఎంచుకోవడానికి సంకోచం కలగలేదు. బండి చివర నేలకు దగ్గరగా ఉండే మంచం అమ్మానాన్నలకు, నిచ్చెనెక్కవలసిన పై పరుపు పిల్లలకు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆరుగురు పడుకోవచ్చని రాసినంత మాత్రాన ఆరుగురు కూర్చుని ప్రయాణించవచ్చని కాదు. సీటు బెల్టులు ఎన్ని ఉన్నాయో విడిగా అడిగి తెలుసుకోవాలి.

కొండ దారి మూసుకుపోయిన మోటర్‌హోమ్‌కు పడమటి వైపు నుంచి తూర్పు వైపుకు చేరే మార్గం పార్కు దక్షిణపు అంచును చుట్టి వెళ్లే యు.ఎస్. 2 హైవే. ఇది 5,200 అడుగుల చిల్లర ఎత్తున్న మరియాస్ పాస్ మీదుగా సాగుతుంది. రైలు మార్గం కోసం 1889 డిసెంబరు చలిలో ఇంజనీరు జాన్ ఎఫ్. స్టీవెన్స్ వెతికి పట్టుకున్న కనుమ ఇది. రైలుకు అనువైన వాలు కనుక బరువైన బండికీ సుఖంగానే ఉంటుంది. ఈస్ట్ గ్లేసియర్ చేరాక మాత్రం పటంలో దగ్గర దారిగా కనిపించే 49వ నంబరు రోడ్డును నమ్ముకోకూడదు. మెలికలు తిరిగే ఆ దారికి కూడా 21 అడుగుల పరిమితి ఉంది. బ్లాక్‌ఫీట్ తెగ వారి పట్టణమైన బ్రౌనింగ్ దాకా ముందుకు వెళ్లి, అక్కడి నుంచి సెయింట్ మేరీ వైపు తిరగాలి. ఫోనులోని మ్యాపు మన బండి కొలతలు చూసి దారి చెప్పదు కాబట్టి ఈ మలుపును కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటించుకోవాలనుకుంటున్నాను.

మకాం రెండు చోట్ల: పడమట మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డునున్న అప్‌గార్, తూర్పున సెయింట్ మేరీ. ఈ క్యాంప్‌గ్రౌండ్లలో బండి నిలుపుకునే స్థలాల బుకింగ్ సాధారణంగా ఆరు నెలల ముందే రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైటులో తెరుచుకుంటుంది, వేసవి తేదీలైతే చూస్తుండగానే అయిపోతాయి. ప్రతి స్థలానికీ ఎంత పొడవు బండి పడుతుందో అక్కడే రాసి ఉంటుంది. తిరునాళ్లలో చోటు దొరికినట్టు ఎక్కడో ఒకచోట ఇరికించడం కుదరదు. తేదీల విషయానికొస్తే, మంచు తొలగించి లోగన్ పాస్ దాకా దారి పూర్తిగా తెరిచేసరికి మామూలుగా జూన్ చివరో జులై మధ్యో అవుతుంది. ఆగస్టులో కార్చిచ్చుల పొగ భయం. 2017 ఆగస్టు చివర్లో స్పెర్రీ షాలే అనే పాత రాతి వసతి భవనం మంటల్లో కాలిపోయింది, మరుసటి ఏడాది ఆగస్టులో మెక్‌డొనాల్డ్ సరస్సు పక్కనే మంటలు లేచాయి. ఈ రెంటి నడుమ మిగిలిన జులై రెండో సగమే మాకు అనువుగా కనిపించింది.

లోగన్ పాస్‌కు అమ్మానాన్నలను ఎర్ర బస్సులో తీసుకువెళ్లాలని ఉంది. 1930లలో వైట్ మోటర్ కంపెనీ తయారుచేసిన ఈ బస్సులు మరమ్మతులు చేయించుకుని ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎండ కాసినప్పుడు పైనున్న గుడ్డ కప్పును చుట్టేస్తారు, అప్పుడు నెత్తి మీద శిఖరాలన్నీ కనిపిస్తాయి. టికెట్టు ఖరీదే గానీ, మలుపుల్లో స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కే పని తప్పి నేనూ కొండలు చూడగలుగుతాను. షటిల్ బస్సుల, ప్రవేశాల నిబంధనలు ఏటేటా మారుతున్నాయి కాబట్టి బయలుదేరే ముందు పార్కు వారి సమాచారం మరోసారి సరిచూసుకోవాలి.

ఇక వంట. ఈ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో బండికి తగిలించుకునే కరెంటు గానీ నీటి గొట్టం గానీ ఉండవు. జనరేటర్‌ను కూడా నిర్ణీత గంటల్లోనే నడపనిస్తారు. కనుక ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌కు సెలవిచ్చి, ప్రొపేన్ పొయ్యి మీద పెట్టడానికి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తీసుకువెళ్తున్నాం. పప్పూ అన్నమూ గిన్నె మీద గిన్నె పెట్టి ఒకేసారి దించేస్తే గ్యాసూ కలిసొస్తుంది, తోమే నీళ్లూ కలిసొస్తాయి. నీళ్ల పొదుపు చిన్న విషయం కాదు. సింకులోకి, షవర్‌లోకి పోయే ప్రతి చెంబుడూ బండి కింది మురుగు ట్యాంకులోనే చేరుతుంది, అది నిండితే ఆ మురుగును ఖాళీ చేసే డంప్ స్టేషన్‌కు బండిని కదిలించవలసిందే. అందుకే మజ్జిగ పులుసు, చింతకాయ పచ్చడి, కందిపొడి వంటి గిన్నెలు తక్కువయ్యే వంటకాలతో అమ్మ అక్కడి నుంచే మెనూ రాసి పంపింది. వేపుళ్లకు ఆమె ఎంత చెప్పినా నేను ఒప్పుకోలేదు.

పార్కులో గ్రిజ్లీలు, నల్ల ఎలుగుబంట్లు రెండూ తిరుగుతాయి. తిండి పదార్థాలతో పాటు వాడిన గిన్నెలు, చెత్త సంచి, టూత్‌పేస్టు సైతం బయటి బల్ల మీద వదిలేయకుండా, వాడనప్పుడల్లా బండిలో పెట్టి కిటికీలు మూసేయాలి. ఆవకాయ సీసా మూత బయటే తీసి భోంచేయాలని నాన్నకు సరదా అయితే, భోజనం అయ్యాక బల్ల తుడిచే పని ఆయనకే అప్పగిస్తాను. నడకకు వెళ్లేటప్పుడు, మీదికొచ్చే ఎలుగుబంటిపై కొట్టే ఘాటైన బేర్ స్ప్రే చేతికి అందేలా ఉండాలి. దాన్ని విమానంలో తీసుకెళ్లనివ్వరు కాబట్టి, విమానంలో వచ్చి మాతో కలుస్తానన్న తమ్ముడు అక్కడికి చేరాక కొనుక్కోవలసిందే. ఎలుగుబంటికి, తోడేలుకు 100 గజాలు, మిగిలిన జంతువులకు 25 గజాలు దూరంగా ఉండాలన్నది నియమం. లోగన్ పాస్ దగ్గర కొండమేకలు తామే మనుషుల దగ్గరికి వచ్చేస్తాయి, అప్పుడు కూడా వెనక్కి జరగవలసింది మనమే.

సరిహద్దుకు అవతల కెనడాలో వాటర్టన్ పార్కు ఉంది. 1932 నుంచి ఈ రెంటినీ కలిపి శాంతి పార్కుగా పిలుస్తున్నారు. పిల్లలు అక్కడికీ వెళ్దామంటున్నారు గానీ, భారత పాస్‌పోర్టుతో సందర్శకులుగా వస్తున్న అమ్మానాన్నలకు కెనడా వీసా కావాలి. దానికి ఇప్పటి నుంచి దరఖాస్తు పెట్టే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. అందుచేత మా ప్రయాణం సెయింట్ మేరీ దగ్గరే వెనుదిరుగుతుంది.