మా నాన్న ఫియట్‌కు పొల్యూషన్ సర్టిఫికెట్ – నా అనుభవం

నిన్న సాయంత్రం ఆర్సీ (రిజిస్ట్రేషన్ కార్డు) రెన్యువల్ పని అయిపోయింది. 1991 ప్రీమియర్ పద్మిని, మా ఇంట్ల ఇప్పటికీ ఫియట్ అనే అంటం, ఇంకో 5 ఏండ్లు రోడ్డు మీద తిరగొచ్చు. పాత కారు ఉన్నోళ్లకు పనికొస్తదని వేడి మీదనే రాస్తున్న, కోపం కూడ ఇంకా తగ్గలే.

నాన్నకు ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణం ఉండేది, పత్తి బాగ కలిసొచ్చిన ఏడాది కొన్నడు. ఏపీ 36 నంబరు, స్టీరింగ్ పక్కన గేరు, 1089 సీసీ ఇంజిన్. రెండేండ్లకోసారి సమ్మక్క జాతరకు అందుట్లనే పోయేది, వెనక సీట్ల అమ్మ, మేనత్త, మేం నలుగురు పిల్లలం, డిక్కీ నిండ బెల్లం. నాన్న పోయినంక ఎవరికన్న ఇచ్చేయ్ అని చెప్పినోళ్లు చానమంది, నేను ఇయ్యలే. మొన్నటి జాతరకు మాత్రం కారు ఇంట్ల పెట్టి బస్సుల పోయినం, ఎందుకంటే జనవరిలనే ఆర్సీ గడువు అయిపోయింది.

15 ఏండ్లు దాటితే కారు తుక్కుకే అని మనోళ్లు చానమంది అనుకుంటున్నరు. అది ఢిల్లీ చుట్టుపక్కల గొడవ. మన దగ్గర పెట్రోల్ కారుకు 15 ఏండ్ల తర్వాత ప్రతి 5 ఏండ్లకు ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవచ్చు, మా కారుకు ఇది ఐదోసారి. 2021ల నేను కట్టిన ఫీజు 600. 2022 ఏప్రిల్ల దాన్ని 5,000 చేసిన్రు, 2025 ఆగస్టుల 20 ఏండ్లు దాటిన కార్లకు 10,000 చేసిన్రు. గ్రీన్ ట్యాక్స్ వేరే. నెలకు రెండుసార్లు బయటికి తీసే కారు, రోజు వంద కిలోమీటర్లు తిరిగే కారు కన్న ఎక్కువ పొగ ఏం పోస్తది, ఈ లెక్క వేసినోళ్లు ఎవరో నాకు చెప్పాలె. కట్టిన, కట్టక తప్పదు.

ఇన్సూరెన్స్ రెన్యువల్, ఫారం 25, స్లాట్ బుకింగ్, ఇవన్నీ ఒక్కపూటల అయిపోయినయి. మిగిలింది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే కద, పది నిమిషాల పని అనుకున్న. పదకొండు రోజులు పట్టింది.

మొదటి రోజు తప్పు నాదే, ఒప్పుకుంట. పొద్దున స్టార్ట్ చేసి ఇంజిన్ వేడెక్కకముందే రోడ్డు పక్కన వ్యాన్ దగ్గరికి తీసుకపోయిన. పొగల కార్బన్ మోనాక్సైడ్ 4.6 శాతం వచ్చింది, ఫెయిల్. సక్కగ మా మెకానిక్ చాచా దగ్గరికి పోయిన. చాచా బానెట్ ఎత్తి చూసి ఒక్క మాట అన్నడు, "బేటా, చోక్ సగంల ఇరుక్కపోయింది, నువ్వు తాగించేదంత పెట్రోలే, గాలి లేదు". కేబుల్ తీసి నూనె పెట్టిండు, ఎయిర్ ఫిల్టర్ మార్చిండు, ప్లగ్గులు గీకిండు, పాయింట్ల గ్యాప్ సరిచేసిండు, ట్యాపెట్లు సెట్ చేసిండు. ఆఖరుకు పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసే కార్బొరేటర్ మిక్చర్ స్క్రూ చెవి పెట్టి వింటూ పావు చుట్టు పావు చుట్టు తిప్పి ఒక్క కాడ ఆపేసిండు. సైలెన్సర్ జాయింట్ కాడ గాలి లీకు కూడ మూసిండు, లీకు ఉంటే బయటి గాలి కలిసి రీడింగ్ తప్పు వస్తదని. అట్ల దొంగతనంగ పాసయ్యేది నాకు వద్దు అని చాచనే అన్నడు, ఆయన లాంటి మెకానిక్‌లు ఇంకెంతమంది మిగిలిన్రో మన ఊర్ల.

మళ్ల అదే వ్యాన్‌కు పోయిన, ఈసారి ఇరవై నిమిషాలు తిప్పి ఇంజిన్ వేడిగ ఉన్నప్పుడే. పక్కన ఇంటర్ చదివే నా బిడ్డ. రీడింగ్ 2.1. నాకు సంతోషం. స్క్రీన్ మీద ఎర్రగ ఫెయిల్ అని వచ్చింది. ఏందన్న అంటే మిషన్ నడిపే పిలగాడు "లిమిట్ 0.3 అంకుల్, మీది ఏడంతలు ఉంది" అన్నడు. 0.3 బీఎస్ 4 (భారత్ స్టేజ్, అంటే సర్కారు పెట్టిన పొగ ప్రమాణాలు) కార్లకు, నాది 1991ది అని చెప్పిన. "మిషన్ చెప్పింది అంకుల్, నన్నెందుకు అడుగుతున్నరు" అన్నడు. ఏ ఏడాది బండి అని కొట్టినవో చూపియ్ అంటే స్క్రీన్ అటు తిప్పుకున్నడు. అప్పటికి వెనక నాలుగు కార్లు, ఆటోలు లైన్ల ఉన్నయి, హారన్లు. అందరు వినేటట్టు గట్టిగ అన్నడు, "ఈ డబ్బాను తుక్కుకు వేసి ఏదన్న సెకండ్ హ్యాండ్ ఆల్టో కొనుక్కోండి అంకుల్, ఊరంత పొగ పెడుతున్నరు". లైన్ల ఉన్నోళ్లు నవ్విన్రు. నా బిడ్డ ముఖం చూడలేకపోయిన. 35 ఏండ్లు నాన్న చేతుల, నా చేతుల తుడిచి తుడిచి పెట్టుకున్న కారు, దాన్ని నిన్నగాక మొన్న పుట్టిన పిలగాడు డబ్బా అంటే గొంతు పట్టేసింది, మాట రాలే.

తర్వాత పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పిండు. ఐదొందలు ఇస్తే నా నంబర్ ప్లేట్ ఫొటో తీసి, టెస్టు పైపు మాత్రం వెనక ఉన్న కొత్త కారు సైలెన్సర్‌ల పెడతడట. ఒక్క నిమిషం కింద ఊరంత పొగ అన్నోడే! వద్దన్న. ఆ మాట నా బిడ్డ ముందు అన్నందుకు నాకు ఇప్పటికీ గర్వమే.

ఇంటికి వచ్చి నా బిడ్డనే ఫోన్ల వెతికింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలల్ల 115వ నియమం. అందుల సక్కగ పట్టికనే ఉంది. బీఎస్ 4 పెట్రోల్ కారుకు 0.3 శాతం, బీఎస్ 2, బీఎస్ 3కి 0.5, అంతకుముందు తయారైన కార్లకు 3 శాతం, హైడ్రోకార్బన్లు, అంటే కాలకుండ మిగిలిన పెట్రోల్, 1500 పీపీఎం (పది లక్షల వంతులల్ల 1500) దాక. ఎందుకంటే మా కారుకు పొగల విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేనే లేదు, అది 1995ల నాలుగు మహానగరాల కొత్త కార్లకు మొదలైంది, దాన్ని పాడుచేసే సీసం కలిపిన పెట్రోల్ దేశమంత ఆగింది 2000లనే. చట్టం రాసినోళ్లు పాత కారు ఏం చేయగలదో చూసి రాసిన్రు, పైపు పట్టుకునేటోనికే తెల్వదు. తెల్వకపోతే తప్పు కాదు, అడిగినోన్ని నలుగుర్ల నవ్వులపాలు చేసుడు తప్పు.

ఇంకో రెండు సెంటర్లు తిరిగిన. ఒకచోట లిస్టుల పద్మిని మోడలే దొరకలేదని పంపించిన్రు. మూడోది నడిపేది పెద్దమనిషి, నియమం ప్రింట్ చూపియ్యబోతే "అవసరం లేదు సార్, ఆర్సీల తయారీ ఏడాది చూస్త" అన్నడు. పైపు లోపలి దాక పెట్టిండు, ఐడ్లింగ్ నిలబడే దాక ఆగిండు. 1.9, 640 పీపీఎం. పాస్. చేతులు పట్టుకున్న ఆయనవి.

కాబట్టి పాత కారు ఉన్నోళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: ముందు మెకానిక్, తర్వాత టెస్టు, ఇంజిన్ చల్లగ ఉన్నప్పుడు అస్సలు పోకండి, వాళ్లు బీఎస్ ఏం కొట్టిన్రో టెస్టుకు ముందే చూడండి. ఫెయిల్ అయినా ఆ కాగితం అడిగి తీసుకోండి, నేను తీసుకోలే, అందుకే దాని మీద ఫిర్యాదు గట్టిగ రాయలేకపోయిన. సర్టిఫికెట్ లేకుండ తిరిగితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 10,000 దాక జరిమానా. మన పాతబండ్లకు 6 నెలలే వాలిడిటీ, బీఎస్ 4 వాటికైతే ఏడాది.

ఆర్టీవో ఆఫీసుల చెకింగ్ తేలిగ్గనే అయింది, ఛాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్, లైట్లు, బ్రేకులు. ఒక గుమస్తా మాత్రం "వింటేజ్ కింద చేయించుకోండి, ఈ బాధే ఉండదు" అని సలహా ఇచ్చిండు. వినకండి. 2021 నియమం ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏండ్లు దాటాలె, మాది 35. ఒకవేళ దాటినా కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, వీఏ అక్షరాల వేరే నంబర్, ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోల్‌కు, రిపేర్‌కు తప్ప రోజూ నడపొద్దు. అమ్మను దవాఖానకు తీసుకపోయే కారు నాకు బొమ్మ లెక్క వద్దు.

ఈ ఆదివారం అమ్మను ఎక్కించుకొని ములుగు మీదంగ మేడారం పోతున్నం, జాతర రద్దీ లేదు ఇప్పుడు. అంతకుముందు శనివారం చాచా దగ్గర పెట్రోల్ పైపు మార్పించాలె, ఇథనాల్ ఎక్కువ కలిపిన ఈ పెట్రోల్‌కు పాత రబ్బరు మెత్తబడుతుందట, వేలితో నొక్కితే గుంట పడుతుంది.