టెక్సస్ హైస్కూల్‌లో మా అమ్మాయి సీటీఈ చదువు: నా అనుభవం

టెక్సస్‌లో పిల్లలు ఎనిమిదో తరగతి దాటుతుండగానే "ఏ ఎండార్స్‌మెంట్ తీసుకుంటావు?" అని స్కూల్ వాళ్లు రాతపూర్వకంగా అడుగుతారు. 2013లో వచ్చిన హౌస్ బిల్ 5 పెట్టిన నియమం అది. ఎండార్స్‌మెంట్ అంటే హైస్కూల్‌లో ఎక్కువ దృష్టి పెట్టి చదివే విభాగం. ఉన్నవి ఐదు: స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ. తర్వాత మార్చుకోవచ్చని ఓరియెంటేషన్‌లో చెప్తారు, అది నిజమే. అయితే సీటీఈ వైపు వెళ్లాలనుకునే పిల్లలకి ఆ మాట పెద్దగా ఉపయోగపడదు. ఎందుకో తర్వాత చెప్తాను.

సీటీఈ అంటే కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్. లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ మామూలుగానే నడుస్తాయి. వాటితోపాటు ఒక వృత్తికి సంబంధించిన కోర్సులు ఒకదాని మీద ఒకటిగా తీసుకుంటారు. వెల్డింగ్, ఆటోమోటివ్, వంట, సైబర్ సెక్యూరిటీ, పశువైద్యం, టీచింగ్, ఆరోగ్యం ఇలా చాలా ఉన్నాయి. ఈ చదువులకి ఫెడరల్ డబ్బు 1917 నుంచే వస్తోంది. ఇప్పుడు నడుస్తున్నది 2018లో వచ్చిన పెర్కిన్స్ చట్టం. ఇంత చరిత్ర ఉన్నా మన వాళ్ల ఇళ్లల్లో ఆ పేరు ఎత్తితే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "అంటే ఒకేషనలా? మీ పాప బాగానే చదువుతుంది కదా?"

మేముండేది డాలస్ దగ్గర. మా అమ్మాయికి హెల్త్ సైన్స్ మీద మనసు పడింది. అది పబ్లిక్ సర్వీసెస్ కిందకి వస్తుంది. పార్టీల్లో మిగతా తల్లిదండ్రులంతా స్టెమ్ అంటుంటే మేము పబ్లిక్ సర్వీసెస్ అనడానికి కాస్త మొహమాటపడ్డ మాట వాస్తవం. తీరా చూస్తే ఒకటి కంటే ఎక్కువ ఎండార్స్‌మెంట్లు తెచ్చుకోవచ్చట. ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఎలాగూ చదువుతుంది కాబట్టి సైన్స్ క్రెడిట్లు ఐదు పూర్తిచేస్తే స్టెమ్ కూడా వస్తుంది. ఈ సంగతి కౌన్సిలర్ తనంతట తాను చెప్పలేదు, అడిగితే చెప్పారు.

అసలు తకరారు ర్యాంకు దగ్గర వచ్చింది. టెక్సస్‌లో క్లాసులో మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఇవ్వాలని 1997లో చట్టం చేశారు. ఆస్టిన్‌లోని యూటీకి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) మాత్రం పది సరిపోదు. చాలాకాలం ఆరు శాతం ఉండేది, 2026లో చేరేవాళ్ల నుంచి ఐదు చేశారు. అందుకే మన పిల్లలున్న స్కూళ్లలో పాయింట్లో వందో వంతు కోసం కూడా పోటీ. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఏపీ క్లాసులో, అంటే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులో, నూటికి నూరు వస్తే ర్యాంకు లెక్కలో 6.0 వేస్తారు, మామూలు క్లాసులో నూటికి నూరు వస్తే 5.0. మెడికల్ టెర్మినాలజీ లాంటి సీటీఈ క్లాసులు ఈ రెండో లెక్కలోకే వస్తాయి. సగటు 5.8 ఉన్న పిల్ల ఆ క్లాసులో నూటికి నూరు తెచ్చుకున్నా సగటు కిందికే పోతుంది. ఈ లెక్క పెట్టినవాళ్లు ఎవరో గానీ, పిల్లలకి నేర్పే పాఠం మాత్రం విచిత్రంగా ఉంది.

మావారు ఎక్సెల్ తెరిచారు. అన్నీ ఏపీలు తీసుకుంటే ఒక కాలమ్, సీటీఈ వరస తీసుకుంటే ఇంకో కాలమ్. మొదటిదాంట్లో మా అమ్మాయి ఐదు శాతం గీతకి కాస్త అటో ఇటో ఉంటుంది. రెండోదాంట్లో ఐదులో ఉండదు గానీ పదిలోపే ఉంటుంది. నా వాదన ఏమిటంటే, గీత మీద ఊగిసలాడే ర్యాంకు కోసం నాలుగేళ్లు టెన్షన్ పడి, ఆసుపత్రి గుమ్మం తొక్కకుండానే ప్రీమెడ్ (మెడిసిన్‌కి ముందు కాలేజీ చదువు) అని రాసుకోవడంలో అర్థం లేదు. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "సరే, నీ ఇష్టం" అని లాప్‌టాప్ మూసేశారు. మా ఇంట్లో అది సగం ఒప్పుకున్నట్టే.

మార్చుకోవచ్చన్న మాట ఎందుకు అక్కరకు రాదో ఇప్పుడు చెప్తాను. చివరి ఏడాది ప్రాక్టికమ్ ఉంటుంది, పిల్లలు ఆసుపత్రికో నర్సింగ్ హోమ్‌కో వెళ్లేది అప్పుడే. దాంట్లో చేరాలంటే పదకొండులో హెల్త్ సైన్స్ థియరీ అయ్యుండాలి. దానికి ముందు మెడికల్ టెర్మినాలజీ, మొట్టమొదట ప్రిన్సిపుల్స్ ఆఫ్ హెల్త్ సైన్స్. కాబట్టి ఈ వరసని చివరి నుంచి వెనక్కి చదువుకుంటూ రావాలి. తొమ్మిదిలో "చూద్దాంలే" అని వదిలేసిన పిల్లలు పన్నెండులో ప్రాక్టికమ్ కావాలంటే మధ్యలో మెట్లు లేవు. పదో తరగతిలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక అబ్బాయికి ఇదే అయింది. పాపం, ఆసక్తి అందరికంటే వాడికే ఎక్కువ.

ప్రాక్టికమ్ సీట్లు తక్కువ కాబట్టి దానికి విడిగా అప్లికేషన్ ఉంటుంది. మార్కులతోపాటు హాజరు, టీచర్ సిఫార్సు, చిన్న ఇంటర్వ్యూ. హాజరు విషయంలో మనవాళ్లు జాగ్రత్తపడాలి. డిసెంబర్ సెలవులకి ముందో వారం, వెనకో వారం కలిపి ఇండియా వెళ్లొచ్చే అలవాటు మనది. ఆ ఆబ్సెంట్లన్నీ అక్కడ కనిపిస్తాయి.

సీటు వచ్చాక కాగితాలు మొదలయ్యాయి. టీకాల రికార్డు, హెపటైటిస్ బి డోసులు, ఫ్లూ షాట్, సీపీఆర్ కార్డు, రోగుల వివరాల గోప్యత మీద హిపా శిక్షణ, టీబీ పరీక్ష. మా పాప ఇక్కడే పుట్టింది, ఇవన్నీ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. తన స్నేహితురాలు హైదరాబాద్‌లో పుట్టిన పిల్ల. పుట్టగానే టీబీ రాకుండా బీసీజీ టీకా వేశారు కాబట్టి చర్మం మీద చేసే టీబీ పరీక్ష వాచి పాజిటివ్ అన్నారు. ఆ తల్లి కంగారు చూడలేం. బీసీజీ వేసుకున్నవాళ్లలో జబ్బు లేకపోయినా అలా వాచే అవకాశం ఉంది. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షకి బీసీజీతో సంబంధం లేదు. అది చేయించాక నెగటివ్ వచ్చింది. ఇండియాలో పుట్టిన పిల్లలైతే మొదటే డాక్టర్‌ని రక్తపరీక్ష రాయమని అడగడం మేలు. చర్మ పరీక్ష చేయించుకుంటే 48 నుంచి 72 గంటల లోపు మళ్లీ వెళ్లి చూపించుకోవాలి కూడా. వారాంతం అడ్డొస్తే అదో తలనొప్పి.

ఆ అమ్మాయికే ఇంకో చిక్కు. ఆ పిల్ల హెచ్4 వీసా మీద ఉంది, అంటే హెచ్1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా. ఫార్మసీలో జీతం వచ్చే ప్రాక్టికమ్ ఒకటి ఖాళీగా ఉందని టీచర్ ఆమె పేరు రాసేశారు. హెచ్4 పిల్లలు జీతం తీసుకుని పనిచేయకూడదు. ఈ సంగతి టీచర్‌కి తెలియదు, ఆవిడకి తెలియాలని అనుకోవడం కూడా న్యాయం కాదేమో. వాళ్ల నాన్న మర్నాడే వెళ్లి చెప్తే జీతం లేని క్లినికల్ శిక్షణకి మార్చారు. వీసా మీద ఉన్న కుటుంబాలు ఈ ఒక్క ప్రశ్న ముందే వేసుకోవాలి: ఇందులో డబ్బులిస్తారా?

మా అమ్మాయి ఎంచుకున్నది నర్స్ ఎయిడ్ సర్టిఫికేషన్. సీఎన్ఏ అంటారు. ఫెడరల్ నియమం ప్రకారం దీనికి కనీసం 75 గంటల శిక్షణ చాలు. టెక్సస్‌లో 100 కావాలి, 60 క్లాసులో, 40 రోగుల దగ్గర. రాత పరీక్ష కాకుండా పని చేసి చూపించే పరీక్ష కూడా ఉంటుంది. చేతులు కడుక్కోవడం అందులో తప్పనిసరి. నాడి చూడటం, మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చడం లాంటివి మిగతావి.

ఆ దుప్పటి మార్చడం ప్రాక్టీసు కోసం మా అమ్మ దొరికింది. అప్పుడే ఇండియా నుంచి వచ్చి ఉంది. "అమ్మమ్మా, ఇటు తిరుగు. ఇప్పుడు అటు. రెయిలింగ్ పట్టుకున్నట్టు నా చెయ్యి పట్టుకో" అంటూ మనవరాలు రోజూ సాయంత్రం ఆవిడని దొర్లించేది. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఇంత ఖర్చుపెట్టి చదివించి, చివరికి ఆయా పని నేర్పిస్తున్నారేమిటే?" నేను జవాబు వెతుక్కుంటుంటే పిల్లే వచ్చి, "డాక్టర్ అయినా పేషెంట్‌ని ఎలా తిప్పాలో తెలియాలి కదా అమ్మమ్మా" అంది. అమ్మ ఒప్పుకోలేదు. ప్రాక్టీసుకి మాత్రం పడుకుంటూనే ఉంది, నడుము నొప్పి తగ్గినట్టుందని కూడా అంది.

నర్సింగ్ హోమ్‌కి వెళ్లొచ్చిన రోజుల్లో మా అమ్మాయి కాసేపు మాట్లాడేది కాదు. ఒకరికి అన్నం తినిపించానని, ఒకరు తనని కూతురనుకుని పిలిచారని చెప్పింది. ఎవరు, ఏమిటి అని నేను తరచి అడిగితే "హిపా, అమ్మా" అని ఆపేసేది. ఇంట్లో ఒకరు అలా నోరు కట్టేసుకుని కూర్చుంటే ఎంత కష్టమో నాకే తెలుసు. పరీక్ష పాసయింది. నర్సింగా, మెడిసినా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ముసలివాళ్లతో పనిచేయడం మాత్రం తనకి భయం లేదని తెలిసింది. అది ఎన్ని ఏపీ క్లాసులు చదివినా తెలిసేది కాదు.

ఒక్క మాట స్కూళ్ల గురించి. పిల్లలకి ఇలాంటి సర్టిఫికేషన్లు వస్తే రాష్ట్రం ఇచ్చే రేటింగులో స్కూల్‌కి కూడా లెక్క కలుస్తుంది. అందుకని కొన్నిసార్లు తేలిగ్గా అయిపోయేదాన్ని ముందుకు తోస్తారు. పిల్ల తీసుకోబోయే సర్టిఫికెట్‌తో బయట ఎవరైనా పనిలోకి తీసుకుంటారా అన్నది ఆ రంగంలో ఉన్నవాళ్లని అడగాలి. నేను మా గుడిలో పరిచయమైన నర్సులని అడిగాను, బ్రోషర్ కంటే వాళ్లే ఉపయోగపడ్డారు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు కౌన్సిలర్ దగ్గర అడగాల్సినవి చాలానే ఉన్నాయి: ప్రాక్టికమ్‌కి ముందు ఏ కోర్సులు అయ్యుండాలి, వాటి వెయిటేజ్ ఎంత, ఏది సైన్స్ క్రెడిట్‌గా కూడా లెక్కకొస్తుంది, ఆసుపత్రికి బస్సు ఉందా లేక పిల్లలే కారు నడుపుకుంటూ వెళ్లాలా, పరీక్ష ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారా. జవాబులు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. మాకు మధ్యలో కౌన్సిలర్ మారారు. అనాటమీ అండ్ ఫిజియాలజీ సైన్స్ క్రెడిట్ కింద రాదని కొత్తావిడ అన్నారు. పాత ఈమెయిల్ ఫార్వర్డ్ చేస్తే ఆ సాయంత్రానికల్లా ట్రాన్‌స్క్రిప్ట్ సరిచేశారు.