తొడల నొప్పి మాత్ర వల్లా, మెట్ల వల్లా?

పోయిన ఏడాది నా ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 178 వచ్చింది. నాన్న 54 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. నాకిప్పుడు 51. డాక్టరుగారు కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర రోసువాస్టాటిన్ 10 ఎంజీ రోజూ రాత్రి వేసుకోమన్నారు. అదే వారం పట్టుదలగా మా విశాఖలో కైలాసగిరి కొండ మెట్లెక్కడం మొదలుపెట్టాను. అంతవరకు బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్లి రావడమే నా నడక.

మూడో వారానికి రెండు తొడలూ పట్టేశాయి. వాకిట్లో ముగ్గు వేసి లేవాలంటే గేటు ఊచ పట్టుకోవాల్సి వచ్చేది. "ఆ మాత్రలు కండరాల్ని తినేస్తాయట, మానెయ్యండి వదినా" అంది వాకింగ్‌లో కలిసే ఆవిడ. భయమేసి, ఇంట్లో కూడా చెప్పకుండా నాలుగు రోజులు మానేశాను. మెట్లు మాత్రం మానలేదు. ఐదో రోజు నాన్న ఫొటో తుడుస్తుంటే ఉండబట్టలేక డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను.

కండరాలు దెబ్బతింటే పెరిగే సీకే అనే పరీక్ష, థైరాయిడ్ పరీక్ష రాశారు. థైరాయిడ్ తగ్గితే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ఒళ్లు నొప్పులూ వస్తాయట. నాకది బాగానే ఉంది. సీకే మాత్రం ఎక్కువగా, 610 వచ్చింది.

"ఆఖరిసారి మెట్లెప్పుడు ఎక్కారమ్మా?"

"నిన్న పొద్దున్నే అండీ."

అలవాటు లేని వ్యాయామం చేసినా సీకే పెరుగుతుందని, కొన్ని రోజులు అలాగే ఉంటుందని చెప్పారు. ఎక్కడం కన్నా దిగడమే తొడలకి కష్టమట, కండరం సాగుతూ బరువు ఆపాలి కాబట్టి. నాకైతే ఎక్కేటప్పటి ఆయాసమే గుర్తుంది! మాత్ర వేసుకుంటూ, మెట్లు పది రోజులు ఆపమన్నారు. రెండూ ఒకేసారి ఆపితే నొప్పి దేనివల్లో తేలదు. మూత్రం కోలా రంగులో వచ్చినా, కాళ్లలో సత్తువ పోయినా మాత్ర ఆపి వెంటనే రమ్మని రెండుసార్లు చెప్పారు.

పది రోజులకి సీకే 132. మాత్ర వేసుకుంటూనే నొప్పి పోయింది. ఆ రోజు ఎంత తేలికపడ్డానో!

మళ్లీ బీచ్ రోడ్డు నడకతో మొదలుపెట్టాను. తర్వాత కొండకి సగం దాకా. కొన్నాళ్లు పైకి ఎక్కి, మా ఆయన స్కూటర్ మీద దిగేదాన్ని. మూడు నెలలకి ఎల్‌డీఎల్ 94.

ఈసారి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలని కోరిక. 32 కిలోమీటర్లు. డాక్టరుగారిని అడిగితే, ఇప్పట్నుంచే దూరం కొంచెం కొంచెం పెంచుకోమన్నారు. ప్రదక్షిణ అయిన వారం దాకా మాత్రం సీకే పరీక్ష వద్దన్నారు.