ప్రతిధ్వని లెక్క నుంచి స్కానింగు గది దాకా

ధ్వని వేగాన్ని, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలంతో గుణించి రెండుతో భాగిస్తే అడ్డు ఎంత దూరాన ఉందో తెలుస్తుందని, నల్లగొండలో మా బడి తొమ్మిదో తరగతి సారు లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు చేయి చూపిస్తూ చెప్పారు. రేడియాలజిస్టుగా నేను చేసే అల్ట్రాసౌండ్ స్కానింగుకు ఆ లెక్కే పునాది. శరీరంలోని మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది కనుక, ప్రోబు, అంటే చర్మానికి ఆనించే పరికరం, పంపిన ధ్వని తరంగం 130 మైక్రోసెకన్లకు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు) తిరిగి వస్తే, దాన్ని తిప్పికొట్టిన పొర 10 సెంటీమీటర్ల లోతున ఉన్నట్లు.

ఈ లెక్కను స్త్రీల వైద్యానికి తెచ్చినవారిలో నేను అందరికన్నా గౌరవించేది గ్లాస్గో ప్రసూతి వైద్యాచార్యులు ఇయాన్ డొనాల్డ్‌ను. ఆయన 1955 జూలైలో, శస్త్రచికిత్సలో తీసిన గర్భాశయ గడ్డలను, అండాశయ తిత్తులను కార్లలో వేసుకొని, బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ అనే బాయిలర్ల కర్మాగారానికి వెళ్ళి, లోహంలో పగుళ్ళు వెతికే యంత్రంతో పరీక్షించారు. తిత్తిలోని ద్రవంలో తరంగాన్ని తిప్పికొట్టేదేమీ లేక అవతలి గోడ మాత్రమే బలంగా పలికింది. గట్టి గడ్డ తీరు వేరుగా ఉంది.

ఆ సంగతి విని, కెల్విన్ అండ్ హ్యూస్ సంస్థలోని యువ ఇంజనీరు టామ్ బ్రౌన్ తానే ఆయనకు ఫోను చేశారు. అమెరికాలో వైద్యుడు డగ్లస్ హౌరీ రోగిని నీటితొట్టిలో కూర్చోబెట్టి చిత్రాలు తీస్తున్న కాలంలో, నూనె రాసిన చర్మానికి నేరుగా ప్రోబును ఆనించే స్కానరును రూపొందించింది బ్రౌన్. డొనాల్డ్ పేరు విన్న వైద్యులలో కూడా ఈయన పేరు తెలిసినవారు తక్కువ కావడం నన్ను బాధిస్తుంది. డొనాల్డ్, బ్రౌన్, ప్రసూతి వైద్యుడు జాన్ మాక్‌వికర్ ముగ్గురూ కలిసి రాసిన వ్యాసం 1958 జూన్ 7న లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. జీర్ణాశయ క్యాన్సరని, ఇక చేయగలిగింది లేదని వదిలేసిన ఒక స్త్రీ కడుపులో ఉన్నది అండాశయ తిత్తి అని ఈ పద్ధతిలోనే తేలి, శస్త్రచికిత్సతో ఆమె బతికింది. మునుగోడు, దేవరకొండ వైపు నుంచి కడుపులో గడ్డ అని భయపడుతూ వచ్చే స్త్రీలను పరీక్షించేటప్పుడు, తిత్తి అవతలి గోడ తెర మీద తెల్లగా కనిపించగానే నాకు ఆ రోగి గుర్తుకు వస్తుంది.

డొనాల్డ్ శాఖలోనే పనిచేసిన స్టూవర్ట్ క్యాంప్‌బెల్ 1968లో గర్భస్థ శిశువు తల వెడల్పును కొలిచే పద్ధతిని మెరుగుపరిచారు. తారీఖు గుర్తులేక, బతుకమ్మ పండుగకు ముందు నెల తప్పిందని మాత్రమే చెప్పగలిగే తల్లికి నేడు ప్రసవం తేదీ అంచనా వేయగలుగుతున్నామంటే ఇటువంటి కొలతల వల్లనే. తొలి నెలల్లో కొలిస్తే ఆ అంచనా మరింత దగ్గరగా ఉంటుంది కనుక, ఆలస్యం చేయకుండా రమ్మని ప్రతి తల్లికీ చెబుతాను.